సంతకు రాని పుస్తకం: ప్రోగ్రామింగ్ పుస్తకం ఏజెన్సీ దాకా ఎందుకు చేరలేదు?



సంక్రాంతి సెలవులకు ఊరొచ్చినప్పుడు జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాం. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుని మొదటి ఏడాది చదువుతున్న చెల్లెలొకతె మమ్మల్ని అడిగింది: "అన్నా, పాడేరులో పైథాన్ పుస్తకం ఏ షాపులో దొరుకుతుంది?" మాలో ఒకరు వెంటనే ఫోన్ తీసి, "పీడీఎఫ్ పంపిస్తాను, నంబర్ చెప్పు" అన్నారు. "హాస్టల్లో ఫోన్ ఉంచుకోనివ్వరు కదన్నా. ఇంటికొస్తే సిగ్నల్ ఉండదు. నాకు పుస్తకమే కావాలి" అంది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేం చదువుకునే రోజుల్లో ఇదే ప్రశ్న మా సీనియర్లను అడిగాం. పదిహేనేళ్లు దాటింది. ప్రశ్నా మారలేదు, జవాబూ మారలేదు. "విశాఖ వెళ్లాలి."

ఈ పోస్టు రాస్తున్న మాలో కొందరిది పాడేరు వైపు, కొందరిది ఉట్నూరు వైపు. రెండు చోట్లా కథ ఒకటే. మన సంతలో ఉప్పు, ఎండుచేపలు, గొడ్డలి, చీరలు, సెల్‌ఫోన్ కవర్లు, మెమరీ కార్డులు అన్నీ దొరుకుతాయి. టౌన్లో స్టేషనరీ షాపుకు పోతే నోటు పుస్తకాలు, పదో తరగతి గైడ్లు, డీఎస్సీ మెటీరియల్, కానిస్టేబుల్ మెటీరియల్ ఉంటాయి. ప్రోగ్రామింగ్ పుస్తకం మాత్రం ఉండదు. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ దిగి వంద కిలోమీటర్ల పైనే పోవాలి. ఉట్నూరు నుంచి హైదరాబాదు కోఠికి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. రెండు వందల రూపాయల పుస్తకానికి బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి.

ఇలా ఎందుకు జరిగిందో చరిత్రలోకి వెళ్లి చూద్దామని కూర్చున్నాం. చదివిన కొద్దీ మాకు ఒక సంగతి తెలిసింది. పుస్తకం దానంతటది ఏ కొండా ఎక్కలేదు. ఎక్కినప్పుడల్లా దాన్ని ఎవరో ఒకరు మోసుకొచ్చారు.

మనకు పుస్తకం కొత్త కాదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. "ఆదివాసులకు పుస్తకం అలవాటు లేదు, అందుకే షాపులు రావు" అని మైదానంలో కొందరు తేలిగ్గా అనేస్తారు. అది తప్పు.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండీ రాతప్రతులు దొరికాయి. వాటిది సొంత లిపి. తెలుగూ కాదు, దేవనాగరీ కాదు. ఊళ్లో పెద్దలు కొద్దిమంది ఆ లిపిని చదవగలిగే స్థితిలో ఉన్నారు కాబట్టే అది బయటి ప్రపంచానికి తెలిసింది. అచ్చు యంత్రం లేదు, షాపు లేదు, గ్రంథాలయం లేదు. అయినా కుటుంబాలు ఆ ప్రతులను తరాల పాటు కాపాడుకున్నాయి.

శ్రీకాకుళం వైపు చూస్తే సవర భాష ఉంది. గిడుగు రామమూర్తి గారిని తెలుగువాళ్లందరూ వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలుచుకుంటారు. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవరవాళ్ల దగ్గరే సవర నేర్చుకున్నారు. పిల్లలకు వాచకాలు లేకపోతే తయారుచేశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. దుకాణంలో దొరకని పుస్తకాన్ని ముందు రాయాల్సి వచ్చింది, తర్వాతే చదివించగలిగారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి అధ్యయనం చేయమని హైమెండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడ కూడా మొదటి అడ్డంకి పుస్తకమే. గోండీలో పాఠ్యపుస్తకాలు లేవు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేసి అచ్చు వేయించారు. ముందు టీచర్లు, ఆ వెంటనే పుస్తకాలు. రెండూ కలిసి వచ్చాయి కాబట్టే ఆ బడులు నిలబడ్డాయి.

ఈ మూడు చోట్లా చదవాలన్న కోరిక ముందే ఉంది. లేనిది పుస్తకం, దాన్ని మన దాకా తెచ్చే దారి.

కంప్యూటర్ ముట్టకుండానే నేర్చుకున్న తరం

ఇక ప్రోగ్రామింగ్ పుస్తకం సంగతి. మన దేశానికి మొదటి డిజిటల్ కంప్యూటర్ 1955లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. పేరు హెచ్‌ఈసీ–2ఎం. 1963లో కాన్పూర్ ఐఐటీకి ఐబీఎం 1620 వచ్చింది. దేశంలో ప్రోగ్రామింగ్‌ను పాఠంగా చెప్పడం పెద్ద ఎత్తున అక్కడే మొదలైంది.

అప్పటి పద్ధతి మనం గుర్తుపెట్టుకోదగ్గది. విద్యార్థి ముందు కాగితం మీద, గళ్ల షీటులో, ప్రోగ్రాం రాయాలి. దాన్ని 80 గళ్లున్న అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టాలి. ఆ కార్డుల కట్ట యంత్రం గదిలో ఇచ్చి తన వంతు కోసం ఎదురుచూడాలి. ఒక్క కామా తప్పితే మళ్లీ మొదటి నుంచి. అందుకే యంత్రానికి ఇచ్చే ముందే ప్రతి వరుసనూ తలలో నడిపించి చూసుకునేవాళ్లు. దేశంలో మొదటి తరం ప్రోగ్రామర్లు ఎక్కువ సమయం గడిపింది పుస్తకంతో, పెన్సిల్‌తో. యంత్రంతో గడిపింది కొద్ది సమయమే.

కాన్పూర్‌లో పాఠం చెప్పిన వి. రాజారామన్ గారు తన క్లాసు నోట్సును పుస్తకంగా మార్చారు. 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' పేరుతో 1969లో ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా అచ్చు వేసింది. అప్పటిదాకా విదేశీ పుస్తకాలే దిక్కు. వాటి ధర విద్యార్థికి అందేది కాదు. ఈయన పుస్తకం తక్కువ ధరకు, మామూలు అట్టతో వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన రాసిన పుస్తకాలన్నీ విద్యార్థి కొనగలిగే ధరలోనే రావడంతో, కంప్యూటర్ లేని కాలేజీల్లో కూడా పిల్లలు వాటితో చదువుకున్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మన హాస్టల్ పిల్లలు "ల్యాబ్‌లో నలుగురికి ఒక సిస్టమ్, మాకేం వస్తుంది" అని కుంగిపోతుంటారు. కాగితం మీద ప్రోగ్రాం రాసి చేత్తో నడిపించి చూసుకోవడం చిన్నతనం కాదు. ఈ దేశంలో ఆ విద్య మొదలైందే అలా. అయితే అలా నేర్చుకోవడానికి కూడా ఒక వస్తువు తప్పనిసరి. అది పుస్తకం. యంత్రం లేకపోయినా వాళ్లకు పుస్తకం ఉంది. మన దగ్గర ఇప్పుడు చాలా చోట్ల ఇది తిరగబడింది. ల్యాబ్‌లో యంత్రం ఉంది, చేతిలో పుస్తకం లేదు.

హైదరాబాదు దాకా వచ్చి ఆగింది

మన రాష్ట్రం ఈ విద్యకు దూరంగా ఏమీ లేదు. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పెట్టారు. 1969కల్లా అక్కడ టీడీసీ–12 అనే కంప్యూటర్ తయారైంది. అంటే కంప్యూటర్ తయారయ్యే ఊరికి, మన ఉట్నూరుకు మధ్య దూరం మూడు వందల కిలోమీటర్లే. పుస్తకం మాత్రం ఆ దూరం దాటలేకపోయింది.

1978లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ కలిసి 'ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' రాశారు. సన్నటి పుస్తకం, 228 పేజీలు. ఇవాళ ఏ భాష నేర్చుకున్నా మొదట 'హలో, వరల్డ్' అని తెర మీద అచ్చు వేయిస్తారే, ఆ అలవాటును ప్రపంచమంతా పాకించింది ఈ పుస్తకమే. 1988లో రెండో కూర్పు వచ్చింది. ఇండియాలో చవక ముద్రణ కూడా వచ్చింది. ఆ తర్వాత మనవాళ్ల పుస్తకాలు వచ్చాయి. నాగపూర్‌కు చెందిన యశవంత్ కనేత్కర్ రాసిన 'లెట్ అజ్ సీ', ఇ. బాలగురుసామి రాసిన 'ప్రోగ్రామింగ్ ఇన్ ఆన్సీ సీ' చదవకుండా ఆ రోజుల్లో ఇంజనీరింగ్ దాటిన తెలుగు పిల్లలు తక్కువ.

తొంభైల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గాలి వీచింది. 2000 సంవత్సరం సమస్య సరిచేయడానికి ప్రోగ్రామర్లు కావాలని అమెరికా నుంచి పిలుపులొచ్చాయి. హైదరాబాదు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లతో నిండిపోయింది. గుంటూరు నుంచి, కృష్ణా నుంచి, గోదావరి జిల్లాల నుంచి పిల్లలు వచ్చి గదులు తీసుకుని నేర్చుకున్నారు. వాళ్ల వెంటే పుస్తకాల షాపులు, జిరాక్స్ షాపులు వచ్చాయి. కోఠిలో కొత్తవీ పాతవీ, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లలో, అన్ని చోట్లా ప్రోగ్రామింగ్ పుస్తకాలు దొరికాయి. తెలుగులో కూడా 'కంప్యూటర్ ఎరా' లాంటి మాసపత్రికలు వచ్చాయి. బస్టాండు బుక్ స్టాళ్లలో అవి కనిపించేవి. మాలో ఒకరికి కంప్యూటర్ అంటే మొదట తెలిసింది విశాఖ కాంప్లెక్స్‌లో కొన్న పాత సంచిక వల్లే.

ఒక సంగతి గమనించండి. షాపు పుస్తకం వెంట రాలేదు. కోర్సు వెంట వచ్చింది. ఎక్కడ వందమంది ఒకే సిలబస్ చదువుతారో అక్కడే కొట్టువాడు ఇరవై కాపీలు తెప్పిస్తాడు. మన టౌన్లో కొట్టువాడిని మేం అడిగాం. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. "బాబూ, ఇంజనీరింగ్ పిల్లలు మీరు కింద చదువుతారు, కిందే కొంటారు. ఇక్కడ ఏడాదికి ఇద్దరు అడుగుతారు. ఇద్దరి కోసం తెప్పిస్తే మిగిలింది వెనక్కి తీసుకోరు. రెండేళ్లకు కొత్త ఎడిషన్ వస్తుంది, నా దగ్గరున్నది చిత్తుకాగితం." అదీ లెక్క. ఏడాదికి ఇద్దరే అడుగుతారు కాబట్టి పుస్తకం ఉండదు. పుస్తకం కంటికి కనపడదు కాబట్టి మూడోవాడికి అడగాలనే తట్టదు.

కాలువకు పడవ ఉంది, కొండకు ఏముంది?

షాపు లేని చోట గ్రంథాలయం ఉండాలి. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలన్నది అందులో ఒకటి. పాఠకుడు ఎక్కడ ఉంటే అక్కడికి పుస్తకం పోవాలన్నమాట.

తెలుగునాట ఆ పని చేసి చూపించినవాళ్లున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవ పోతుంటే ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు వచ్చి పుస్తకాలు తీసుకునేవాళ్లు. డెల్టాకు కాలువలున్నాయి, వాటి మీద పడవలున్నాయి, ఆ పడవల్లో పుస్తకాలు పెట్టాలన్న ఆలోచన ఒక మనిషికి వచ్చింది. మన వైపు కాలువల్లేవు. గెడ్డలున్నాయి, వాగులున్నాయి, వానాకాలంలో అవి పుస్తకాన్ని కాదు, మనిషినే దాటనివ్వవు. అయినా సంతకు వ్యాన్ వస్తుంది, రేషన్ వస్తుంది, ఎన్నికలప్పుడు ఓటు పెట్టె ఏ కొండ మీదికైనా నడిచి వస్తుంది. పుస్తకాల పెట్టె మాత్రం ఎందుకు రాదన్నదే ప్రశ్న.

ఇందులో డబ్బు కిటుకు ఒకటుంది. అది మనలో చాలామందికి తెలియదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం, గ్రంథాలయాలకు డబ్బు ప్రధానంగా ఇంటి పన్ను మీద వేసే సెస్సు నుంచి వస్తుంది. పన్ను రూపాయికి 8 పైసలు. పెద్ద మేడలున్న పట్నంలో పన్ను ఎక్కువ, కాబట్టి సెస్సూ ఎక్కువ. మన గూడెంలో పెంకుటింటికి, రేకుల ఇంటికి పన్నెంత? అందులో రూపాయికి 8 పైసలెంత? పుస్తకాలు కొనుక్కోగల వాళ్లున్న చోట గ్రంథాలయానికి డబ్బెక్కువ, కొనుక్కోలేని వాళ్లున్న చోట తక్కువ. ఎవరూ కావాలని మన మీద కక్షతో చేసింది కాదు. కానీ లెక్క అలా కుదిరింది. కాబట్టి మన గ్రంథాలయాల్లో నిండా నవలలు, పాత వారపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు. కంప్యూటర్ అని రాసి ఉన్న అరలో మాకు దొరికింది ఎమ్మెస్ డాస్ మీద ఒక పుస్తకం.

జిరాక్స్: మన ఒక్కరి కథ కాదు

షాపూ లేదు, గ్రంథాలయమూ లేదు. మరి మేమెలా చదివాం? జిరాక్స్. విశాఖలో చదివే అన్న ఒక పుస్తకం తెస్తే, దాన్ని జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించి, ముగ్గురం పంచుకుని చదివాం. మూడో కాపీకి వచ్చేసరికి అక్షరాలు మసకబారేవి. సెమీకోలన్ ఏదో, కోలన్ ఏదో తెలిసేది కాదు. ఇంగ్లీషు పాఠంలో చుక్క పోతే అర్థం చేసుకుంటాం. ప్రోగ్రాంలో చుక్క పోతే ప్రోగ్రామే పోతుంది.

దీనికి అప్పుడు సిగ్గుపడేవాళ్లం. తర్వాత తెలిసింది, కంప్యూటర్ చరిత్రలో చాలా పేరున్న పుస్తకం ఒకటి ఇలాగే బతికిందని. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1976లో యూనిక్స్ లోపలి ప్రోగ్రామును వరుస వరుసగా వివరిస్తూ విద్యార్థుల కోసం ఒక పుస్తకం రాశారు. 1979లో యూనిక్స్ కొత్త లైసెన్సు వచ్చాక దాన్ని క్లాసులో పాఠంగా చెప్పడానికి వీల్లేకుండా పోయింది. అయినా కాపీకి కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ తీసుకుంటూ ప్రపంచమంతా చదివారు. అచ్చు పుస్తకంగా బయట అమ్మకానికి వచ్చింది 1996లో. అంటే ఇరవై ఏళ్లు ఆ పుస్తకం జిరాక్స్‌గానే బతికింది.

మన దేశంలో కూడా జిరాక్స్ మీద పెద్ద కేసు నడిచింది. 2012లో మూడు విదేశీ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద, అక్కడి జిరాక్స్ షాపు మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావా కొట్టేసింది. డిసెంబరులో డివిజన్ బెంచి కూడా, చదువు చెప్పడానికి అవసరమైన మేరకు కాపీ తీసుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుందనే చెప్పింది. 2017లో ప్రచురణకర్తలు కేసు వదులుకున్నారు. అలాగని మొత్తం పుస్తకాలు జిరాక్స్ కొట్టి అమ్ముకోవచ్చని కాదు. పాఠానికి కావలసిన అధ్యాయం కాపీ తీసుకున్న విద్యార్థి దొంగ కాదు. అంతవరకు మనం తల ఎత్తుకునే చెప్పొచ్చు.

తప్పు పుస్తకం చేసే నష్టం

పుస్తకం దొరక్కపోవడం ఒక బాధ. దొరికిన ఒక్కటీ పాతదైతే అది ఇంకా పెద్ద బాధ. ఈ మాట మా అనుభవంతో చెప్తున్నాం.

మన వైపు చేతులు మారే సీ పుస్తకాలు చాలావరకు టర్బో సీ కోసం రాసినవి. టర్బో సీ 1987లో బోర్లాండ్ కంపెనీ తెచ్చింది, డాస్ మీద నడిచేది. ఆ పుస్తకాల్లో ప్రతి ప్రోగ్రాం పైన 'కోనియో డాట్ హెచ్' అని ఉంటుంది, లోపల తెర తుడిచే ఆజ్ఞ ఉంటుంది. ఇప్పటి లైనక్స్ ల్యాబ్‌లో అది రాస్తే ఎర్రర్ వస్తుంది. పైథాన్ సంగతీ అంతే. 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చింది. పాత పైథాన్ 2కు 2020 జనవరి 1 నుంచి మద్దతు ఆపేశారు. పాత పుస్తకాల కొట్లో ముప్పై రూపాయలకు దొరికే పుస్తకం ఎక్కువసార్లు పైథాన్ 2దే. అందులో మొదటి పేజీలో 'ప్రింట్' తర్వాత బ్రాకెట్ ఉండదు. ఇప్పటి కంప్యూటర్లో బ్రాకెట్ లేకపోతే ఒప్పుకోదు.

పట్నం పిల్లవాడికి ఇది పెద్ద విషయం కాదు. పక్కవాడిని అడుగుతాడు, ఫోన్లో వెతుకుతాడు, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మన పిల్లకు పక్కన ఎవరూ లేరు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించింది. ఎర్రర్ వచ్చింది. మళ్లీ అక్షరం అక్షరం సరిచూసింది. మళ్లీ ఎర్రర్. అచ్చు పుస్తకం తప్పు చెప్తుందని ఆమె ఎందుకు అనుకుంటుంది? తప్పు తనదే అనుకుంటుంది. "ఇది మనలాంటోళ్లకి వచ్చేది కాదు" అనుకుని కోర్సు మార్చుకుంటుంది. మాతో పాటు చేరినవాళ్లలో ఇద్దరు ఇలాగే మానేశారు. వాళ్లకు తెలివి తక్కువ కాదు. వాళ్ల చేతిలో పుస్తకం వయసు పదేళ్లు ఎక్కువ. ఆ మాట వాళ్లకు అప్పుడు చెప్పగలిగినవాళ్లు లేకపోయారు. మేం కూడా చెప్పలేకపోయాం, ఎందుకంటే మాకూ తెలియదు.

ఇప్పుడు ఏం చేయాలి?

మన హాస్టళ్లకు, మన ఊళ్లకు ఫోన్ వచ్చినా పుస్తకం అవసరం తీరదని ఆ చెల్లెలు ఒక్క మాటలో చెప్పేసింది. మేం కొత్తగా కలపాల్సింది లేదు. చరిత్ర చూశాక మాకు అనిపించిన పనులు మాత్రం చెప్తాం.

ఒకటి. కింద చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న ప్రతి ఒక్కరూ పండగకు ఊరొచ్చేటప్పుడు ఒక్క ప్రోగ్రామింగ్ పుస్తకం తేవాలి. కొనే ముందు చూడాల్సింది రెండే. పైథాన్ అయితే 'ప్రింట్' పక్కన బ్రాకెట్ ఉందా? సీ అయితే 'కోనియో' లేకుండా ఉందా? ఇవి చూడకుండా కొన్న పుస్తకం తెచ్చి చెల్లి చేతిలో పెట్టొద్దు. అది మేలు కాదు.

రెండు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం పైథాన్ 3 మీదే ఉంది. తక్కువ ధర, తేలిక ఇంగ్లీషు. ఏకలవ్య స్కూల్లో చదివిన తమ్ముళ్ల దగ్గర పాత కాపీలు ఉండొచ్చు, పారేయొద్దని చెప్పండి. ఇంకో రెండు పుస్తకాలున్నాయి. బెంగళూరుకు చెందిన స్వరూప్ రాసిన 'ఎ బైట్ ఆఫ్ పైథాన్', అలెన్ డౌనీ రాసిన 'థింక్ పైథాన్'. రచయితలే వీటిని ఉచిత లైసెన్సుతో ఇచ్చారు. వ్యాపారానికి కాకుండా చదువుకోవడానికి మొత్తం పుస్తకం ప్రింటు తీసుకోవచ్చు. భయపడక్కర్లేదు. కాపీ నుంచి కాపీ కాకుండా, ప్రతిసారీ మూలం నుంచే ప్రింటు తీయించండి. సెమీకోలన్ కనపడాలి.

మూడు. కొరియర్ మన పిన్‌కోడ్‌కు రానంటే పోస్టాఫీసు ఉంది. 2025 మే 1 నుంచి తపాలా శాఖ 'జ్ఞాన్ పోస్ట్' అని పుస్తకాల కోసం ప్రత్యేకంగా పెట్టింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. ఐదు కిలోలంటే పది పన్నెండు పుస్తకాలు. నలుగురు కలిసి వేసుకుంటే మనిషికి పాతిక రూపాయలు. బస్సు చార్జీతో పోల్చి చూడండి.

నాలుగు. ఆ పుస్తకాలు ఎవరో ఒకరి ఇంట్లో ఉండిపోకూడదు. ఒక రేకు పెట్టె, ఒక నోటుబుక్కు చాలు. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడిచ్చారు అని రాసుకోవడానికి. వార్డెన్ గారిని అడిగితే హాస్టల్లో పెట్టనిస్తారు, మేం ఒక చోట అడిగి చూశాం. నాగభూషణం గారికి పడవ దొరికింది. మనకు పెట్టె దొరికింది.

అయిదోది పని కాదు, ఒక గుర్తు. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండీ లిపిని చేర్చారు. అంతకు ముందు ఏడాదే, 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారాం తయారుచేసిన మసారం గోండీ లిపి చేరింది. సవర వాళ్ల సోరంగ్ సోంపెంగ్ లిపి 2012లోనే చేరింది. అంటే మన పెద్దలు ఇళ్లల్లో దాచుకున్న అక్షరాలకు ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్లోనూ ఒక్కో నంబరు ఉంది. అయితే నంబరు ఉంటే చాలదు. కీబోర్డు రాయాలి, నిఘంటువు యాప్ రాయాలి, పిల్లల పుస్తకాలు ఆ లిపిలో టైపు చేసే సాఫ్ట్‌వేర్ రాయాలి. ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లు రాస్తేనే అది సరిగ్గా వస్తుంది. గుంజాల లిపి కంప్యూటర్లోకి వెళ్లింది. కంప్యూటర్‌కు మాట చెప్పే పుస్తకం ఇంకా గుంజాల దాకా రావాలి.

చెల్లెలి సంగతి చెప్పకుండా ముగిస్తే బాగోదు. సెలవులు అయిపోయాక మాలో ఒకరు విశాఖలో మూడు షాపులు తిరిగారు. రెండింట్లో పైథాన్ 2 పుస్తకం చూపించారు. మూడో దాంట్లో సరైనది దొరికింది. పోస్టులో పంపించాం. అందిందని హాస్టల్ పక్క షాపు నుంచి ఫోన్ చేసింది. "అన్నా, మొదటి ప్రోగ్రాం నోటుబుక్‌లో రాశాను, ల్యాబ్ గురువారం ఉంది, అప్పుడు వేసి చూస్తాను" అంది.

గురువారం దాకా ఆమె ఆ ప్రోగ్రామును తలలో నడిపించుకుంటూ ఉంటుంది. కాన్పూర్‌లో వాళ్లు కూడా అలాగే చేశారు.

మీ ఊరికి ఎవరు ఏ పుస్తకం తేగలరో కింద రాయండి. ఏది ఎక్కడ కావాలో అదీ రాయండి. జాబితా మేం కడతాం.